ఇంగ్లీషులో చెప్తే దోషం ఉండదా మేడమ్?

మా కరువు సీమ పిల్లలకు ఇంగ్లీషంటే భయం అని ప్రతి వీడ్కోలు సభలోనూ ఎవరో ఒకరు చెబుతారు. నా వీడ్కోలు సభలోనూ చెప్పారు. శాలువా కప్పించుకుని కూర్చున్నదాన్ని కాబట్టి ఆ రోజు నోరు మూసుకున్నాను. ఇప్పుడు శాలువా లేదు.

భయం కాదండీ. భయపడేవాళ్లు ప్రశ్నలు అడగరు. నేను ఇంటర్ పిల్లలకు ఇంగ్లీషు చెప్పినన్నాళ్లూ వీళ్లు ప్రశ్నలతో నన్ను పీక్కుతిన్నారు. కాకపోతే క్లాసులో కాదు. బస్టాండులో, కుళాయి దగ్గర, నేను టిఫిన్ డబ్బా మూత తీస్తున్నప్పుడు. అదీ తమ కోసం కాదన్నట్టు. "మా చెల్లెలు అడగమనింది మేడమ్" అని మొదలుపెడతారు. చెల్లెలు లేనివాళ్లకు కూడా ఆ పూటకు ఒక చెల్లెలు పుట్టేది. ప్రశ్న తప్పయితే నవ్వు చెల్లెలి మీదికి పోవాలి కదా.

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న మీకోసం ఇది రాస్తున్నాను. సర్వీసు రిజిస్టరు, ఇంక్రిమెంట్ల సంగతి ఆఫీసులో చెబుతారు. పిల్లల ప్రశ్నల సంగతి ఎవరూ చెప్పరు.

ప్రశ్న వెనక మనిషి

యాడికి అనే ఊరి కాలేజీలో నా మొదటి ఏడాది. కుళాయి దగ్గర ఒక అమ్మాయి అడిగింది. "మేడమ్, కజిన్ అంటే మేనత్త కొడుకా, చిన్నాయన కొడుకా?"

"ఇద్దరూ" అన్నాను.

"ఇద్దరూ ఎట్ల మేడమ్? ఒకాయన్ని చేసుకోవచ్చు. ఇంకొకాయన అన్న అయితాడు. ఇంగ్లీషోళ్లు ఇద్దర్నీ ఒకే గంపలో పెట్టుకుంటే పెండ్లప్పుడు ఎట్ల తెలుసుకుంటారు?"

నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. ఆ పిల్లకు ఇంగ్లీషు రాక కాదు అడిగింది. ఇంత ముఖ్యమైన తేడాను పట్టించుకోని భాషను నమ్మవచ్చా లేదా అని అడిగింది. ఇంగ్లీషువాళ్లకు ఆ తేడా అక్కర్లేదని చెప్పాను. "అట్లయితే వాళ్లకు చుట్టాలు తక్కువేమో పాపం" అని నీళ్లు తాగి వెళ్లిపోయింది.

కళ్యాణదుర్గంలో పనిచేసినప్పుడు ఇంకొక అబ్బాయి. 'ఎ' ఎప్పుడు పెట్టాలి, 'ది' ఎప్పుడు పెట్టాలి అని ఏ పుస్తకం చూసినా నియమాలు పేజీలకు పేజీలు ఉంటాయి. నేను బస్సుతో చెప్పేదాన్ని. రోడ్డు మీద ఏదో ఒక బస్సు పోయింది, అది 'ఎ'. మనం ఎదురుచూస్తున్న బస్సు వచ్చింది, అది 'ది'. వాడు వెంటనే, "అట్లయితే మా ఊర్లో ఎప్పుడూ 'ది'నే మేడమ్. ఉండేదే ఒక బస్సు. అదీ ఎదురుచూస్తేనే వస్తాది" అన్నాడు. ఆ తర్వాత నేను ఆ పాఠాన్ని వాడి మాటల్లోనే చెప్పాను, వాడి పేరు పెట్టి మరీ.

ఇక అందరూ చేసే తప్పు ఒకటుంది. సెలవు తీసుకునేటప్పుడు 'ఐ విల్ గో అండ్ కమ్' అంటారు. 'అయామ్ గోయింగ్' అనమని ఎన్నిసార్లు చెప్పినా అనరు. నా తోటి లెక్చరర్లు దాన్ని తెలుగు పైత్యం అనేవారు. ఆ పిల్లలను ఇంట్లో ఒక్కసారి చూడండి. గడప దాటేటప్పుడు ఎవరైనా "పోతాండా" అంటే, "పోయొస్తా అను" అని వాళ్ల అమ్మ వెనక్కి పిలిచి మరీ అనిపిస్తుంది. ఉత్త 'పోతా' అన్న మనిషి తిరిగి రాడేమోనని ఆమె బెంగ. పదిహేడేళ్లు ఆ బెంగలో పెరిగిన పిల్ల మీ ఎర్ర సిరా గీతకు మారుతుందా? నేను ఏం చెప్పేదాన్నంటే, పరీక్షలో పుస్తకంలో ఉన్నట్టు రాయండి, నా దగ్గర సెలవు తీసుకునేటప్పుడు మాత్రం మీ ఇష్టం. వాళ్లు నాతో గో అండ్ కమ్ అనేవారు. నేను కమ్ అనేదాన్ని.

ఒక ప్రిన్సిపాలు

ఏ కాలేజీ అని చెప్పను. ఆయన వచ్చిన నెలలోనే బోర్డు మీద రాయించాడు, ఇంగ్లీషు క్లాసులో ప్రశ్న కూడా ఇంగ్లీషులోనే అడగాలని. మరుసటి రోజు నుంచి ఒక్క ప్రశ్న లేదు. ఆయన వరండాలో నడుస్తూ ఆ నిశ్శబ్దాన్ని విని మురిసిపోయాడు.

"చూసినారా మేడమ్, డిసిప్లిన్."

"డిసిప్లిన్ కాదు సార్, సంతాపసభ" అన్నాను.

"మీకు ప్రతిదానికీ వాదన కావాల."

"ప్రశ్న ఇంగ్లీషులో అడగగలిగితే ఇంక నేనెందుకు సార్ ఈడ?"

బోర్డు తీయించలేదు. నేను కుళాయి దగ్గర, బస్టాండులో నా పని నేను చేసుకున్నాను. చాలా కాలానికి ఒకసారి మాటల్లో చెప్పాడు. ఆయనకు ఇంగ్లీషు నేర్పిన మాస్టారు తెలుగు ముక్క వినబడితే వేళ్ల మీద స్కేలుతో కొట్టేవాడట. ఆ స్కేలే తనను ఇక్కడిదాకా తెచ్చిందని ఆయన నిజంగా నమ్మాడు. చెడ్డవాడు కాదు. తను వచ్చిన దారి తప్ప ఇంకో దారి లేదనుకున్నాడు, అంతే. ఇలాంటివాళ్లు మీకూ తగులుతారు. వాదించండి, కానీ ద్వేషించకండి. ద్వేషించడానికి టైము చాలదు, సిలబస్ మిగిలిపోతుంది.

అంజినమ్మ

నా చివరి కాలేజీ పుట్టపర్తిలో. అక్కడే గొంతు పోయింది. మాట తగ్గించమన్నాడు డాక్టరు. సర్వీసు ఇంకా ఏళ్లు మిగిలుండగానే ఉద్యోగం మానేశాను, మాట మానలేదు. సాయంత్రాలు మా ఇంటి ముందు గదిలో ఆడవాళ్లకు ఇంగ్లీషు మొదలుపెట్టాను. ఆశ్రమానికి ఎక్కడెక్కడి దేశాల నుంచో జనం వస్తారు, వాళ్ల కోసం ఊరినిండా లాడ్జీలు. రెండు ముక్కలు మాట్లాడగలిగితే కౌంటరు దగ్గర ఉద్యోగం దొరుకుతుంది.

అంజినమ్మ అలా వచ్చింది. దగ్గరి పల్లె, పదో తరగతి చదువు, ముప్పై దాటిన మనిషి. మొగుడు అద్దె ఆటో తోలుతాడు. అత్త, ఏడో తరగతి చదివే కూతురు. వానలు మొహం చాటేసి వేరుశనగ ఎండిపోయిన ఏడాది ఇంటికి తాళం వేసుకుని అందరూ బెంగుళూరు పోతారు, అపార్ట్‌మెంట్లు కట్టే పనికి. పిల్ల బడి మానేసి ఇసుక కుప్పల దగ్గర కూర్చుంటుంది. తిరిగొచ్చి చేరేసరికి పాఠాలు దాటిపోయి ఉంటాయి. రెండుసార్లు అలా అయింది. ఆ ఏడాదీ వాన లేదు.

"ఈ ఉద్యోగం వస్తే మేము పోము మేడమ్. రాకుంటే పోవల్ల. పోతే ఈసారి పాప మళ్లీ బడికి పోదు, అది నాకు తెలిసిపోతాండాది" అని మొదటి రోజే చెప్పింది. ఇంకేమీ దాచుకోలేదు.

ఆమె ప్రశ్నలు వేరేగా ఉండేవి. "పెద్దామెను కూడా యూ అనల్లనా మేడమ్? మా అత్తను అట్లంటే పళ్లు రాలగొడ్తాది." "సారీకి, ఎక్స్‌క్యూజ్ మీకి తేడా ఏమి? కాలు తొక్కినాంక ఒకటి, తొక్కకముందు ఒకటా?" అంతకంటే చక్కగా నేను చెప్పలేనని ఒప్పుకున్నాను. నాలుగు నెలల్లో గదిలో అందరికంటే బాగా మాట్లాడింది. ఒక లాడ్జిలో ఇంటర్వ్యూకు పిలిపించాను. ఉద్యోగం రాదేమోనన్న అనుమానం నాకు ఇసుమంతైనా లేదు.

రాలేదు.

ఆ సాయంత్రం వచ్చి వెనక కూర్చుంది. ఏమయిందంటే "లేదన్నారు మేడమ్" అంది. మిగతావాళ్లు వెళ్లిపోయేదాకా చెప్పులేసుకున్నట్టు నటిస్తూ గడప దగ్గర నిలబడింది. తర్వాత అడిగింది.

"మేడమ్, ఒక సందేహం. ఇంగ్లీషులో చెప్తే దోషం ఉండదా?"

"ఏం చెప్తే?"

"పెనిమిటి పేరు."

అప్పుడు బయటపడింది. ఏ ఊరు, ఎంతదాకా చదివావు, అర్ధరాత్రి గెస్టు వస్తే ఏం చేస్తావు అన్నింటికీ తడుముకోకుండా జవాబు చెప్పిందట. ఆఖరున మేనేజరు మాటవరసకు నీ భర్త పేరేమిటి అని అడిగాడు. ఆమె తల దించుకుంది. అతను అర్థం కాలేదేమోనని మళ్లీ నెమ్మదిగా అడిగాడు. మూడోసారి తెలుగులో, "ఇంత చిన్న ప్రశ్నకే తెలీకపోతే ఎట్లమ్మా" అన్నాడు. ఆమె లేచి వచ్చేసింది.

భర్త పేరు పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని ఈ పల్లెల్లో పాత నమ్మకం. పాతదే గానీ పోలేదు. రేషను షాపులో, ఆసుపత్రిలో ఎవరైనా అడిగితే అంజినమ్మ ఆధార్ కార్డు చాపేది. లేదా పక్కనున్నవాళ్లు చెప్పేవారు. ఇంటర్వ్యూలో కార్డు చాపమని ఎవరూ అడగలేదు, పక్కన ఎవరూ లేరు.

నేను ఊరుకుంటానా? మూఢనమ్మకాల మీద పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. శ్రద్ధగా విని, "మీరు చెప్పేది నిజమే మేడమ్. అయినా నోరు రాదు" అంది. తర్వాత మెల్లగా అడిగింది, "మీరు సార్‌ను ఏమని పిలుస్తారు?"

లోపల గదిలో మా ఆయన దగ్గాడు.

"ఏమండీ అంటాను" అన్నాను. బ్యాంకులో, ఆఫీసుల్లో ఆయన పేరు గడగడా చెబుతాను, నాకేం పట్టింపు లేదు. ఇంట్లో ఎందుకు పిలవనో మాత్రం అప్పటిదాకా ఎవరూ అడగలేదు. ఉపన్యాసం అక్కడితో ఆపేశాను.

మేనేజరుతో వాదన

మరుసటి పొద్దున లాడ్జికి పోయాను. మేనేజరు ఇక్కడివాడే, కుర్రవాడు, బెంగుళూరులో హోటలు కోర్సు చదివి వచ్చాడు.

"ఆమెకు తెలీక గమ్మునుండలేదు బాబూ. తెలిసే గమ్మునుంది" అని సంగతి చెప్పాను.

అతను నవ్వలేదు. అందుకు అతన్ని మెచ్చుకోవాలి. "మేడమ్, ఆ పట్టింపు నాకు తెలుసు. మా ఊర్లోనూ ఉండాది. ఆమెకట్ల ఉంటాదని తోచలేదు, ఇంగ్లీషు అంత బాగా మాట్లాడతాంటే."

"తోచింది కదా ఇప్పుడు. తీసుకో."

"ఒక మాట వినండి. ఈడికొచ్చే పెద్దామెలు రూము తాళం చేతికిచ్చేలోపలే అడుగుతారు. నీ పేరేమి, మీ ఆయన పేరేమి, పిల్లలెంతమంది. వాళ్లకది ప్రేమ. ఈమె తల దించుకుంటే ఏదో దాస్తాందనుకుంటారు, లేదా ఆయప్ప కొడతాడనుకుంటారు. ఆయప్ప ఏం పాపం చేసినాడు మేడమ్?"

నేను వాదనలో ఓడిపోవడం తక్కువ. అక్కడ ఓడిపోయాను. అతను చెప్పింది నిజం. శుక్రవారం మళ్లీ పంపించండి, అప్పటిదాకా ఎవరినీ పెట్టుకోను అన్నాడు. శనివారం పొద్దున కూలీలను తీసుకుపోయే బెంగుళూరు మేస్త్రీ బండి వస్తుంది. రెండిటికీ మధ్య ఉన్నది ఒక్క పేరు.

ఆటోలో, ఇంటి ముందర

ఆ సాయంత్రం ఆమె మొగుడు ఆటో తీసుకొచ్చాడు. నన్నూ ఎక్కించుకున్నారు, ఇంటి దగ్గర కూర్చుని ఏదో ఒకటి తేల్చుకుందామని. అతను తోలుతూనే అద్దంలో పెళ్లాన్ని చూస్తున్నాడు.

"ఏమ్మే, నా ఆయుష్షు నీ నోట్లో లేదు. ఈ బ్రేకుల్లో ఉండాది. గమ్మున చెప్పు."

"నువ్వు ముందు రోడ్డు చూడప్పా."

"అప్పా అంటాది చూడండి మేడమ్. పెండ్లయినప్పట్నుంచీ నాకు పేరే లేదు. ఫోన్లో కూడా నాది పాప నాయన అని పెట్టుకునింది."

"నవ్వులాటగా ఉండాదా నీకు?" అంది ఆమె. అతను అద్దంలోంచి చూపు తీసి రోడ్డు మీద పెట్టాడు.

ఇంటి ముందు అత్త నారాయణమ్మ చేటలో కందిపప్పు ఏరుతోంది. నాకంటే నాలుగైదేళ్లు పెద్ద. కోడలి సంకోచానికి మూలం ఈమేనని నేను తీర్మానించుకుని వచ్చాను. పోట్లాటకు కొంగు బిగించే దిగాను. సంగతంతా చెప్పి, "నువ్వే అడ్డమైతే చెప్పక్కా, నీతోనే మాట్లాడతా" అన్నాను.

నారాయణమ్మ పప్పు ఏరడం ఆపలేదు.

"నాకెవరు చెప్పినారు ఈ మాటంతా? ఉద్యోగం లేదన్నారనే చెప్పినారు. ఎందుకు లేదన్నారో చెప్పలేదే."

"నీకు కోపం వస్తాదని అత్తా" అంది అంజినమ్మ.

"వస్తాది. ఎందుకు రాదు?" అని రాళ్లను వేలితో పక్కకు తోసింది. మనవరాలు గడపలో కూర్చుని మమ్మల్నే చూస్తోంది. నారాయణమ్మ తల ఎత్తకుండానే మాట్లాడింది.

"నేను కాపురం చేసినన్నాళ్లూ మీ మామ పేరు పలికినదాన్ని కాదు. ఆయప్పది దేవుని పేరని గుళ్లో కూడా పలకలేదు, స్వామీ అని మొక్కుకుంటి. ఏమాయె? శెనక్కాయ పీకే దినాల్లో పొద్దున పోయిన మనిషి, మధ్యాన్నానికి చేన్లో పడిపోయినాడు. నేను పలకలేదని ఏమన్నా నిలబడినాడా?"

చేట పక్కన పెట్టి కోడలి వైపు తిరిగింది.

"పలుకు అంజినమ్మా. వాని పేరు పెట్టినదాన్ని నేను. నేను చెప్తాండా, పలుకు. దోషముంటే నాకు రానీ. ఆ పిల్ల బడి నిలబడల్ల."

అంజినమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత తీసేసింది. ఆటో దగ్గర నిలబడ్డ మొగుడి వైపు కాకుండా, నేల వైపు చూస్తూ, "నాగభూషణ" అంది.

ఆమె చెప్పింది నాకు, అత్తకు. అయినా అతను, దూరం నుంచి ఎవరో పిలిస్తే పలికినట్టు, "ఓ" అన్నాడు.



శుక్రవారం

నేను తోడు వెళ్లలేదు. మీరూ వెళ్లకండి. ఇంటర్వ్యూకు తోడెళ్లే టీచరును చూస్తే మీ విద్యార్థికి తన మీద తనకే నమ్మకం సన్నగిలుతుంది. ఏం జరిగిందో మేనేజరే ఫోన్ చేసి చెప్పాడు. ఈసారి అతను ఆ ప్రశ్న అడగకూడదనే అనుకున్నాడట, ఆమెను ఇబ్బంది పెట్టడమెందుకని. ఆమె కుర్చీలో కూర్చోకముందే ఇంగ్లీషులో అందట: సార్, పోయినసారి మీరు నన్నొక మాట అడిగారు, నేను జవాబు చెప్పలేదు. నా భర్త పేరు నాగభూషణ. ఆటో నడుపుతారు. చాలా మంచివారు.

"ఆఖరి మాట నేను అడగలేదు మేడమ్" అన్నాడు మేనేజరు.

శనివారం మేస్త్రీ బండి ఆ వీధిలోకి వచ్చి, వేరే ఇండ్లవాళ్లను ఎక్కించుకుని పోయింది. ఆ పిల్ల ఇప్పుడు తొమ్మిదిలో ఉంది. ఇంగ్లీషులో మార్కులు అంతంతమాత్రం, లెక్కల్లో బాగా వస్తాయి. ఎవరి ఇష్టం వాళ్లది.

కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. మీ విద్యార్థి గమ్మునుంటే రాదని రాసుకోకండి. ఎందుకు గమ్మునుందో అడగండి. క్లాసులో చెప్పదు, గడప దగ్గర చెబుతుంది. అందుకని మీరు కాస్త ఆలస్యంగా తలుపు వేయండి.

ఆ ఇంటికి అప్పుడప్పుడూ పోతుంటాను. నారాయణమ్మకూ నాకూ ఇప్పుడు మంచి స్నేహం, అంటే కూర్చున్నంతసేపూ వాదించుకుంటాం. ఒకరోజు ధైర్యం చేసి అడిగాను.

"ఇంతకీ మీ ఆయన పేరేమక్కా?"

ఆమె నా చేతికి మజ్జిగ గ్లాసు ఇచ్చింది. "పలుకు అని నా కోడలికి చెప్పినా మేడమ్మా. నాకు నేను చెప్పుకోలేదు గదా."

"పలకలేదని ఆయన నిలబడలేదని నువ్వే అంటివి."

"అంటిని. ఊర్లో ఎవర్ని అడిగినా చెప్తారు పో, అడుగు."

నేను ఎవరినీ అడగలేదు. కొడుకును అడిగితే ఒక్క క్షణంలో చెబుతాడు. కానీ నాకు కావలసింది ఆ పేరు కాదు. పోయిన మనిషికి తగ్గడానికి ఇంక ఆయుష్షు లేదు. అది అందరికంటే బాగా తెలిసిన మనిషి, కోడలి నోరు తెరిపించిన మనిషి, ఆయన పేరును ఇంకా తన నోట్లోనే ఎందుకు ఉంచుకుంది?